పెడల్‌లో దొరికిన రిథమ్

చచ్చిపోయిన మనిషి గిటార్ వాయించడం పరమేష్ శనివారం పొద్దున విన్నాడు. అప్పటికింకా టీ కూడా తాగలేదు.

విన్నది ఏ పాడుబడ్డ బంగళాలోనో కాదు, చేవెళ్ళలో తన సొంత టెంట్‌హౌస్‌లోనే. ఒక పక్క గోడ దాకా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ఇంకో పక్క బోర్లించిన వంట గంజులు, మధ్యలో స్టూలు మీద అరచేతిలో పట్టేంత నీలం రంగు ఇనుప డబ్బా. పాట ఆ డబ్బాలోంచి వస్తోంది. ఆ పాట వాయించిన చెయ్యి మాత్రం సుధాకర్‌ది. సుధాకర్ రెండో కరోనాలో పోయాడని పరమేష్‌కు తెలుసు.

ఆ డబ్బా దుకాణంలోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే గురువారం నుంచి మొదలుపెట్టాలి.

గురువారం సాయంత్రం పరమేష్ మొయినాబాద్‌లో ఒక రిసార్టుకు స్పీకర్లు కిరాయికి తీసుకెళ్ళాడు. పచ్చిక మీద ఎవరో పిల్లలు గిటార్ వదిలేసి ఈతకు పోయారు. తీగలు వదులుగా ఉన్నాయి. శ్రుతి తప్పిన గిటార్‌ను చూస్తే పరమేష్‌కు ముక్కు కారుతున్న పసివాణ్ణి చూసినట్టుంటుంది, తుడవకుండా ఉండలేడు. శ్రుతి చేశాడు. చేసినవాడు ఊరుకోలేక ఓ పాట ముక్క వాయించాడు. తల ఎత్తేసరికి రిసార్టు మేనేజర్ సింధుజ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఏందన్నా, ఇంత టాలెంట్ పెట్టుకుని కుర్చీలు మోస్తున్నవా?"

"ఎప్పటిదో మేడం. పెండ్లిళ్ళల్ల వాయిస్తుంటిమి."

"మాకు శని, ఆదివారాలు సాయంత్రం ఎవరన్న కావాలె. సాఫ్ట్‌గా, మాటలకు అడ్డం రాకుండ. ఆదివారం ఆరింటికి మా ఓనర్ వస్తడు. ఒక్కసారి వాయించి చూపిస్తవా? నచ్చితే ప్రతి వారం నీదే."

తమ పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా మూతపడ్డ తర్వాత పరమేష్ నలుగురి ముందు వాయించలేదు. గిటార్‌ను ఏడాదికోసారి దసరాకు తీసి, తుడిచి, బొట్టుపెట్టి మళ్ళీ సంచిలో పెట్టేవాడు. వేళ్ళు రోజురోజుకూ మొద్దుబారుతున్నాయని అతనికి తెలుసు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

"వాయిస్త మేడం. కాని ఒక్క గిటార్ అంటే పలుచగ ఉంటది. రిథమ్‌కు ఇంకొకరు ఉంటే..."

"ఒక్కరే అన్నా. ఇద్దరికి బడ్జెట్ లేదు. లూపర్ పెట్టుకో. మొన్న వచ్చినాయన అదే పెట్టుకుని ఒక్కడే నలుగురి లెక్క వాయించిండు."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని పరమేష్ కూతురు పూజితను అడిగాడు. డిగ్రీ చదివే పూజితకు ఫోన్‌లో దొరకని వస్తువు లేదు. లూపర్ అంటే పెడల్ అని, నువ్వు వాయించిన ముక్కను పట్టుకుని అదే ముక్కను తిప్పి తిప్పి వినిపిస్తుందని, దాని మీద నువ్వు ఇంకో పాట వాయించుకోవచ్చని చెప్పి బొమ్మలు చూపించింది.

"గిన్ని బటన్లా? ఇది గిటార్ వాయించెటోళ్ళకా, ఇమానం నడిపెటోళ్ళకా?"

"ఇది చూడు బాపు. మూడే ఉన్నయి."

"నాకు ఒక్కటే ఉండాలె బిడ్డా. పాట మధ్యల ఏది నొక్కాలె, ఏది నొక్కొద్దు అని ఎతుకుతుంటే పాట చెరువుల పడ్తది. అద్దాలు పెట్టుకోకున్న లైటు కనబడాలె. కరెంటు పోయినా లోపల దాచింది పోవద్దు. ఈ మూడు ఉంటే చాలు."

"నాలుగోది నేను చెప్త," అంది వంటింట్లోంచి అతని భార్య రేణుక. "ధర ఐదువేలు దాటితే ఆ డబ్బాతోని పాటు నువ్వు కూడ టెంట్‌హౌస్‌ల గంజుల నడుమ పండుకోవాలె."

పరమేష్ తల్లి జంగమ్మ మంచం మీద కూర్చుని అంతా వింటోంది. "గదాన్ని ఏంతోని నొక్కుతరురా?" అని అడిగింది.

"కాలుతోని అవ్వా. చేతులు గిటార్ మీద ఉంటయి గద."

"కాలుతోనా! మీ తాత హార్మోనియం పెట్టె దాటాలంటే భయపడెటోడు. నువ్వు వాద్యాన్ని తొక్కుతవా?"

"అది వాద్యం గాదే, స్విచ్చి."

"అండ్ల నుంచి పాట వస్తదా, రాదా?"

"వస్తది."

"అయితే వాద్యమే. కండ్లు పోతయి."

పరమేష్ నవ్వాడు కాని, ఆ మాట లోపలికి దిగింది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినవాడు. ఆర్కెస్ట్రా రోజుల్లో వైర్లు దాటేటప్పుడు కూడా చూసి దాటేవాడు.

కొత్తవి అన్నీ రేణుక గీసిన గీతకు అవతలే ఉన్నాయి. చివరికి పూజిత పాతది ఒకటి పట్టింది. దొంతన్‌పల్లిలో యూనివర్సిటీ కుర్రాడు అమ్ముతున్నాడు. శుక్రవారం సాయంత్రం పరమేష్ బండేసుకుని పోయాడు. క్యాంపస్ బయట టీ కొట్టు దగ్గర సాయిచంద్ అనే ఆ పిల్లవాడు, చెవికి పోగు, నోటినిండా మాటలు, ఇంజనీరింగ్ మూడో ఏడు, డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"ఒక్కటే బటన్ అంకుల్. ఒక్కసారి నొక్కితే రికార్డు, ఎర్ర లైటు. మళ్ళ నొక్కితే అదే తిరుగుతుంటది, పచ్చ లైటు. గబగబ రెండుసార్లు నొక్కితే ఆగుతది. గట్టిగ నొక్కి పట్టుకుంటే మొత్తం సాఫ్. చిన్నపిల్లలు కూడ వాడొచ్చు."

"మరి ఎందుకు అమ్ముతున్నవు?"

"నేను పెద్దది తీసుకున్న. ఇది నా దగ్గర ఊకెనే పడి ఉన్నది. నేను కూడ ఒకాయన దగ్గర పాతదే కొన్న."

బేరం కుదిరింది. డబ్బా చేవెళ్ళ చేరింది. శనివారం పొద్దున పరమేష్ దుకాణం షట్టర్ లేపి, డబ్బాకు స్పీకర్ వైర్లు తగిలించి, కరెంటు ఇచ్చాడు. పచ్చ లైటు మెరుస్తూ ఆరుతూ ఉంది. లోపల ఏదో ఉందన్నమాట. కాలు లేపాడు. అవ్వ మాట గుర్తొచ్చి దించాడు. డబ్బాను స్టూలు మీద పెట్టి బొటనవేలితో నొక్కాడు.

రిథమ్ మొదలైంది.

మొదటి రెండు వరుసలకే పరమేష్ ఆ పాటను గుర్తుపట్టాడు.

అది సినిమా పాట కాదు, ఏ పుస్తకంలోనూ లేదు. తమ నవరాగ ఆర్కెస్ట్రా వాళ్ళు తప్ప భూమ్మీద ఎవరూ వాయించనిది. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర ఒక బంతి లేచి, విస్తర్లు తీసి, ఇంకో బంతి కూర్చునే దాకా ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో పాట ఆగితే పెళ్ళి చప్పబడుతుంది, కొత్త పాట మొదలుపెడితే మధ్యలో తెంచాలి. అందుకని ఆ ఖాళీ కోసమే పరమేష్, సుధాకర్ ఇద్దరూ కూర్చుని ఒక ముక్క కట్టారు. దాన్ని ఎంతసేపైనా తిప్పవచ్చు. సుధాకర్ రిథమ్ తిప్పుతుంటే పరమేష్ పైన లీడ్ అల్లేవాడు. స్టేజి మీద సుధాకర్ ఎప్పుడూ భోజనాల వైపు తిరిగి కూర్చునేవాడు. కొత్త బంతి సర్దుకుని విస్తట్లో మొదటి వడ్డన పడగానే గిటార్ చెక్క మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచేవాడు. 'కూసున్నరు, ఇగ పాట ఎత్తుకో' అని అర్థం. ఆ చరుపు వినపడగానే పరమేష్ అసలు పాటలోకి దూకేవాడు. వంటవాళ్ళకు కూడా ఆ సంగతి తెలిసి, చరుపు వినబడితే పప్పు బకెట్ ఎత్తేవాళ్ళు.

ఎన్ని ఊళ్ళు తిరిగారు! టెంపో వెనక డ్రమ్ముల మధ్య ముడుచుకుని, పెళ్ళివాళ్ళు కట్టిచ్చిన లడ్డూలు తింటూ, తెల్లవారి చేవెళ్ళ చౌరస్తాలో దిగి, హోటల్ తలుపు కొట్టి టీ పెట్టించుకుని. సుధాకర్ చలికాలంలో వేళ్ళు వెచ్చబడాలని గ్లాసును రెండు చేతులా పట్టుకుని తాగకుండా చల్లార్చేవాడు. చల్లారాక పరమేష్ తాగేవాడు. తర్వాత డీజే బాక్సులొచ్చాయి. ఒక మనిషి, ఒక పెన్‌డ్రైవ్. నవరాగ మూతపడింది. ఒకడు ఆటో కొన్నాడు, ఒకడు ప్లాట్లు అమ్మాడు. పరమేష్ టెంట్‌హౌస్ పెట్టాడు. సుధాకర్ పని వెతుక్కుంటూ పట్నం వైపు పోయాడు. ఫోన్ నంబర్లు మారాయి. కరోనాలో ఎవరో బస్టాండ్ దగ్గర చెప్పారు, "మీ సుధాకర్ పోయిండట" అని. పరమేష్ పోయి అడగలేదు. అడిగితే అది నిజమవుతుందని భయం.

ఇప్పుడు ఆ డబ్బాలో అదే ముక్క తిరుగుతోంది. అరచేతి చరుపు కూడా ఉంది.

పూజిత టీ గ్లాసుతో వచ్చి తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. "ఏమైంది బాపు?"

"సుధాకర్ బాబాయి వాయిస్తున్నడు."

ఆమె కాసేపు విని, డబ్బాను తిరగేసి అడుగున అంటించిన చీటీ చదివింది. "ఆ బాబాయి ఎప్పుడు పోయిండన్నవు?"

"రెండో కరోనాల. ఇరవై ఒకటిల."

"ఇది ఇరవై మూడుల తయారైంది బాపు."

పరమేష్ చీటీని దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని చూశాడు. అద్దాలు తెచ్చుకుని చూశాడు. పూజిత చెప్పిందే. పోయిన మనిషి, పోయిన రెండేళ్ళ తర్వాత తయారైన డబ్బాలో గిటార్ వాయించాడు.

సాయిచంద్‌కు ఫోన్ కలిపాడు.

"ఆ రికార్డింగా అంకుల్? సారీ, తుడవలే. మా రూంల అందరం విని నవ్వుకునేటోళ్ళం. చివర్ల చిన్న గ్యాప్ వస్తది చూడుండ్రి, కుంటినట్టు."

నిజమే. ప్రతి చుట్టూ అయ్యాక, మళ్ళీ మొదలయ్యే ముందు, రెప్పపాటు ఖాళీ ఉంది.

"నాకు అమ్మినాయనకు వాడుడు రాదు. కాలు పెట్టడు. ఎదురుంగ కుర్చీ మీద పెట్టుకుని, వాయించే చెయ్యి తీసి దాంతోని నొక్కుతడు. చెయ్యి తీసి నొక్కేసరికి లేటు గాదా మరి? కాలుతోని నొక్కాలె అంకుల్ అని చెప్పిన. 'నీ వయసుకు నడుస్తది తమ్మీ, నాకు నడ్వది' అన్నడు."

పరమేష్ తన బొటనవేలు చూసుకున్నాడు.

"ఆయన పేరేంది? ఎక్కడ ఉంటడు?"

"పేరు అడగలే. నంబర్ 'లూపర్ అంకుల్' అని పెట్టుకున్న, కాని స్విచ్ఛాఫ్ వస్తున్నది. గండిపేటల ఒక గేటెడ్ కమ్యూనిటీ గేటు కాడ ఇచ్చిండు. చేతులకు మట్టి ఉండె, తోటపని అనుకుంట. లొకేషన్ పెడ్త."

శనివారమంతా ఒక ఫంక్షన్‌కు టెంటు వెయ్యడంలో పోయింది. గుంజ పాతుతుంటే ఆ రిథమే, పరదా కడుతుంటే ఆ రిథమే. సాయంత్రం ఇంటికొచ్చాక పూజిత గుర్తుచేసింది. "రేపే ట్రయల్. నీ రిథమ్ ఎక్కించుకోవాలంటే ఇది తుడవాలె బాపు. దీంట్ల ఒక్కటే పడ్తది. నేను ఫోన్‌ల రికార్డు చేసి పెట్టిన, ఫికర్ చెయ్యకు."

పరమేష్ మీట మీద వేలు పెట్టాడు. గట్టిగా పట్టుకుంటే చాలు, సాఫ్. పెట్టిన వేలు పెట్టినట్టే ఉంది, బలం మాత్రం దిగలేదు.

"ఫోన్‌ల ఉన్నది గద!"

"ఫోన్‌ల ఉన్నది ఫోటో బిడ్డా," అని వేలు తీసేశాడు.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, గిటార్ వీపుకు తగిలించి, చిన్న బ్యాటరీ స్పీకర్, బ్యాటరీ పెట్టిన డబ్బా సంచిలో వేసుకుని బయలుదేరాడు. లెక్క సులువుగా ఉంది. గండిపేట పోయి అడగడం, వెనక్కి తిరిగి మొయినాబాద్‌లో దిగడం. ఆరింటికి బోలెడు టైముంది.

గండిపేటలో ఆ గేటు దగ్గర కాపలా ఉన్న బిక్షం అనే పెద్దాయన గిటార్ సంచి చూడగానే నవ్వాడు. "ఎవరి బర్త్‌డేనే?"

"బర్త్‌డే గాదన్నా. సుధాకర్ అని, తోటపని..."

"సుధాకరా! నువ్వెవరు ఆయనకు?"

"దోస్తును. అన్నా, ఒక్క మాట చెప్పు. మనిషి ఉన్నడా?"

"ఉండకేం? మొన్న కూడ వచ్చి నా తంబాకు సగం తిని పోయిండు."

పరమేష్ బండి స్టాండు వేయబోయి, స్టాండు దొరక్క, రెండుసార్లు కాలు గాల్లో ఆడించాడు. బిక్షం కుర్చీ ఇచ్చాడు. పరమేష్ కూర్చోలేదు.

"ఇక్కడ లేడు ఇగ," అన్నాడు బిక్షం. "పూలమొక్కల పని మంచిగనే చేసెటోడు. కాని సాయంత్రమైతే పంపు రూముల ఆ డబ్బా పెట్టుకుని అదే పాట, అదే పాట. పై ఫ్లాట్లోళ్ళు కంప్లైంట్ పెట్టిండ్రు. సౌండు ఎక్కువని గాదన్నా, పాట ముందటికి పోతలేదని! ఒకామె నన్నే అడిగింది, ఆ పాట ఎప్పుడు మొదలైతదని."

"మరి?"

"ఎవని కోసం ఆపినవురా అని నేనంటే, పైన వాయించెటోడు లేడు అన్నడు. ఒకనాడు డబ్బా ఆ పోరగానికి అమ్మేసిండు. నెల తిరగకముందే పని కూడ ఇడిసిపెట్టిండు. ముడిమ్యాలల చామంతి తోట కౌలుకు పట్టిండట. ఫోన్ నీళ్ళ డ్రమ్ముల పడ్డది, కొత్త నంబర్ నాకియ్యలే."

ముడిమ్యాల! పరమేష్ దుకాణం నుంచి ఒక బీడీ కాల్చేంత దూరం. మనిషి పక్క ఊళ్ళో ఉంటే, అతను గండిపేట దాకా వచ్చి అడుగుతున్నాడు.

తిరుగు దారిలో ఆదివారం కార్లు. ఫామ్‌హౌసులకు పోయే పట్నం జనం, రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు, హారన్లు. మొయినాబాద్ దగ్గరికి వచ్చేసరికి నాలుగున్నర. రిసార్టు గేటు ముందు బండి దానంతటదే నెమ్మదించింది. లోపల పచ్చిక మీద లైట్లు కడుతున్నారు. ఒక మూల చిన్న చాప, దాని మీద ఒక మైకు. అతని కోసమే.

లోపలికి పోతే చాలు. ముడిమ్యాల రేపు కూడా అక్కడే ఉంటుంది. సుధాకర్ కూడా.

నాలుగేళ్ళ కిందట బస్టాండ్‌లో ఆ మాట విన్నప్పుడు కూడా రేపు పోయి అడుగుదాం అనుకున్నాడు. పరమేష్ గేరు మార్చి ముందుకు పోనిచ్చాడు. పోయి, ఒక్క మాట మాట్లాడి, ఆరింటికల్లా తిరిగి వస్తానని తనకు తానే చెప్పుకున్నాడు.

ముడిమ్యాలలో చామంతి తోట ఎవరిదని అడిగితే నలుగురు నాలుగు దారులు చూపించారు. చివరికి దొరికింది. గట్టు మీద కూర్చుని పూలు సంచులకు ఎత్తుతున్నాడు ఒక మనిషి. జుట్టు తెల్లబడింది, పొట్ట పెరిగింది. కాని పూలు ఎత్తే కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఊగే తీరు అదే.

"ఏందిరా, చచ్చినోనివి పూలు ఎత్తుతున్నవు?" అన్నాడు పరమేష్.

సుధాకర్ తల ఎత్తాడు. "నేనెప్పుడు చచ్చిన?"

"కరోనాల. బస్టాండ్‌ల చెప్పిండ్రు."

"అది మా పెదనాయన కొడుకు. వాని పేరు కూడ సుధాకరే. ఇంతకూ నా దినానికి వచ్చినవా మరి?"

"రాలే."

"ఇగ సూడు. చచ్చినా రావన్నమాట."

ఇద్దరూ నవ్వలేదు. పరమేష్ గట్టు మీద కూర్చున్నాడు.

"నాకు ఫోన్ చెయ్యకపోతివేంది?" అని అడిగాడు.

"చేసిన. ఎవరో సిమెంటు దుకాణపాయన ఎత్తిండు. రోజూ చేస్తే రెండు బస్తాలు కొనుమన్నడు." సుధాకర్ సంచి మూతి కట్టాడు. "ఒకనాడు నీ దుకాణం దాక కూడ వచ్చిన."

"వచ్చినవా? మరి లోపలికి?"

"ముందట డీజే బాక్సులు పెట్టినవు. నిలువెత్తువి. వాటి వల్లనే గదరా మన నవరాగ పోయింది. వాటిని తుడుచుకుంట కూసున్నవు నువ్వు. లోపలికి రాబుద్ధి గాలే."

"తినాలె గదరా," అన్నాడు పరమేష్.

"తినాలె. నేను కాదన్ననా?" సుధాకర్ ఇంకో సంచి అందుకున్నాడు. "పొద్దు పోతున్నది. వ్యాను వస్తది. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోవాలె పూలు. ఇంకోనాడు మాట్లాడుకుందాం."

పరమేష్ సంచిలోంచి నీలం డబ్బా తీశాడు. సుధాకర్ చెయ్యి ఆగింది.

"గిది నీకెట్ల దొరికింది?"

"లూపర్ అంకుల్‌ది అన్నరు. కొన్న."

"తుడిచెయ్యి. నాకు వద్దు ఆ పాట. నాకు నేనే రిథమ్ కొట్టుకుని, నాకు నేనే ఎదురు సూసుకునుడు. పిచ్చి లేస్తుండె."

"ఒక్కసారి వాయిద్దాంరా."

"నా వేళ్ళు పోయినయి. గిటార్‌ను ఈ తోట పంపు రూముల ఎలుకలు కాపలా కాస్తున్నయి. పో ఇగ."

పరమేష్‌కు సుధాకర్ సంగతి తెలుసు. బతిమాలితే బిగుసుకుంటాడు. తిడితే మూగబోతాడు. అతను ఓర్వలేనిది ఒక్కటే ఉంది. పరమేష్ మాట్లాడకుండా స్పీకర్ ఆన్ చేశాడు. డబ్బాను పూల సంచి మీద పెట్టి బొటనవేలితో నొక్కాడు. రిథమ్ తోట మీదికి పరుచుకుంది. గిటార్ తీసుకుని లీడ్ అందుకున్నాడు. కావాలని తప్పు వాయించాడు. రెండో వరుసలో ఒక మెట్టు కింద పట్టాడు, మూడో వరుసలో తాళం ముందుకు తోసేశాడు, చరుపు దగ్గర వినపడనట్టు అదే ముక్క సాగదీశాడు.

సుధాకర్ పూలు ఎత్తుతున్నాడు. మొదటి చుట్టు ఓర్చుకున్నాడు. రెండో చుట్టుకు మెడ నరాలు లేచాయి. మూడో చుట్టులో చేతిలోని పూల సంచి విసిరికొట్టాడు.

"ఆపురా! గొర్రెను కోస్తున్నవా, పాట వాయిస్తున్నవా? చరుపు ఇనపడతలేదా నీకు? బంతి కూసుని సగం తిన్నది, నువ్వింక ఆడనే ఉన్నవు!"

"మరి నువ్వే చూపియ్యి."

"నేనెందుకు చూపియ్యాలె?"

"రాదని చెప్పు, పోత."

సుధాకర్ నోటికొచ్చిన తిట్టు తిట్టి పంపు రూములోకి పోయాడు. లోపల డబ్బాలు దొర్లిన చప్పుడు. గిటార్‌తో బయటికొచ్చాడు. దుమ్ము, ఒక తీగ లేదు, మిగిలినవి తుప్పు. పరమేష్ సంచిలోంచి తీగ తీసిచ్చాడు. సుధాకర్ తీగ బిగిస్తూనే తిడుతున్నాడు, తిడుతూనే శ్రుతి చేస్తున్నాడు. చెయ్యి చాచి డబ్బా వైరు పీకేశాడు.

"ఇది ఆడితే మధ్యల కుంటుతది. నా చెయ్యితోని నేను కొడ్త."

మొదట వేళ్ళు వినలేదు. తీగలు బుసకొట్టాయి. సుధాకర్ ఆగి, అరచేతులు రుద్దుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు. మూడో ప్రయత్నంలో మణికట్టు దారి గుర్తుపట్టింది. రిథమ్ తిరగసాగింది, డబ్బాలో కంటే కాస్త నెమ్మదిగా, కాస్త వయసు మీద పడ్డట్టు. పరమేష్ ఈసారి సరిగ్గా అందుకున్నాడు. సుధాకర్ అలవాటు కొద్దీ పక్కకు తిరిగి కూర్చున్నాడు, భోజనాల వైపు చూసినట్టు. అటు చామంతి సాళ్ళు తప్ప ఏమీ లేవు.

జేబులో ఫోన్ మోగింది. సింధుజ. పరమేష్ లేచి నాలుగడుగులు పక్కకు పోయి ఎత్తాడు. రిథమ్ ఆగలేదు.

"అన్నా, యాడున్నవు? ఆరున్నర అయితున్నది. ఓనర్ వచ్చి కూసున్నడు!"

"మేడం, ఇద్దరం వస్తం. ఒక్కరికిచ్చేదే ఇయ్యుండ్రి."

"ఇద్దరి ముచ్చట అప్పుడే చెప్పిన గద. మూల చిన్నగున్నది, ఆయన ఒక్కరినే అడిగిండు. ఇప్పుడు బయలుదేరుతవా, లేదా? లేకుంటే వేరేటోళ్ళను చూసుకుంటం."

పరమేష్ పచ్చిక మీది చాపను తలచుకున్నాడు. ఆ మైకును, ఇంకెప్పుడూ రాని ఆదివారాలను. ఎదురుగా సుధాకర్ కళ్ళు మూసుకుని తిప్పుతున్నాడు, లీడ్ కోసం ఖాళీ వదిలి.

"చూసుకోండ్రి మేడం," అని ఫోన్ పెట్టేసి గట్టు మీదికి తిరిగొచ్చాడు.

"ఎవరు?" అన్నాడు సుధాకర్ కళ్ళు తెరవకుండానే.

"ఎవరో. కుర్చీలు కావాల్నట."

"నీకు గిరాకీ బాగనే ఉన్నదిరా. పోవాల్నా?"

"లేవని చెప్పిన. నువ్వు తిప్పు."

తోట గేటు దగ్గర పూల వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.